వానకు స్కేలు లేదు

ఇంట్లో కట్టే మోడల్ రైలుకి సూత్రం ఒక్కటే: అన్నిటినీ ఒకే లెక్కన చిన్నవి చెయ్యాలి. ఇంజను, పెట్టెలు, స్టేషను, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి, ఆ మనిషి చేతిలో గొడుగు, అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గితే కన్ను నమ్ముతుంది. పుణెలో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం మన దేశంలో ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. 2001లో హాంబర్గ్‌లో మొదలైన మినియేచర్ వండర్‌ల్యాండ్ అదే సూత్రాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది. రెండూ కప్పు కిందే నడుస్తాయి. అదే రైలుని హైదరాబాద్‌లో ఏ నాచారంలోనో పెరట్లోకి, డాబా మీదికి తెచ్చి పెడితే సూత్రం అక్కడే బెడిసికొడుతుంది. పట్టాలు, పెట్టెలు చిన్నవవుతాయి కానీ మే నెల ఎండ చిన్నది కాదు, జులై వాన చిన్నది కాదు, గాలి చిన్నది కాదు, పట్టాల కింద పుట్ట పెట్టే చీమ అసలే చిన్నది కాదు. అందుకే ఆరుబయట రైలు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత అచ్చంగా కనిపిస్తుందన్నది కాదు, ఆ అందంలో ఎంత భాగం పని చేస్తుందన్నది. కొండ నీటిని మళ్లించాలి, చెరువు నీటిని ఆపాలి, చెట్టు మట్టిని పట్టాలి, గేటు రైలుని శాసించాలి. ఏ పనీ లేని అలంకారం ఒక్క వానాకాలం గడిచేసరికి చెత్త అవుతుంది. ఈ వాదన ఎంతవరకు నిలబడుతుందో, ఎక్కడ సడలుతుందో చూద్దాం.

చిన్న రూపాలు చేసే సంప్రదాయాలు మనకు కనీసం రెండున్నాయి, రెండింటి ఛాయలూ నాచారం చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఒకటి సినిమాది. 1957 నాటి 'మాయాబజార్' కోసం మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో ద్వారకానగరం నమూనా కట్టించారు. సుమారు 300 బుల్లి ఇళ్లు, ఇళ్లలో వెలిగే విద్యుద్దీపాలు. ఎన్.టి. రామారావు 1976లో నాచారంలో రామకృష్ణా స్టూడియో నెలకొల్పి, మరుసటి ఏడు విడుదలైన 'దాన వీర శూర కర్ణ'ను అక్కడే తీశాక, ఈ ప్రాంతం పేరు చెబితే సెట్టింగులు గుర్తుకురావడం మామూలైంది. సినిమా నమూనా ఒక కెమెరా కోణానికి, ఒక దీపానికి, కొన్ని రోజులకు కట్టేది. రెండో సంప్రదాయం రైల్వే వాళ్లది. తార్నాకలో 1957 నుంచి ఉన్న ఇరిసెట్ సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇస్తుంది. మౌలాలిలో జోనల్ రైల్వే శిక్షణ సంస్థ ఉంది. రైల్వే శిక్షణలో మోడల్ రూమ్ అనే గది మామూలే. అక్కడ బల్ల మీద పట్టాలు, లీవర్లు, సిగ్నళ్లు, బ్లాక్ పరికరాలు ఉంటాయి, చెట్టూ చేమా ఉండవు. ఉండనక్కర్లేదు కూడా, లీవరు లాగితే ఏ సిగ్నలు పడాలో, ఏది పడకూడదో తెలిస్తే చాలు. మొదటిది చూడటానికి, రెండోది చెయ్యడానికి. ఆరుబయట రైలు కట్టేవాడికి రెండూ కావాలి, అయితే నా అంచనాలో అతను ఎక్కువ నేర్చుకోవాల్సింది మౌలాలి వైపు నుంచే.

స్కేలు దగ్గర ఒక చిన్న లెక్క ఉంది. జర్మనీలో లేమన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో మొదలుపెట్టిన తోట రైళ్లకు పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, స్కేలు 22.5కి ఒకటి. ఇప్పటికీ ఆరుబయట రైళ్లలో ఎక్కువగా వాడే పట్టా ఇదే. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.; దాన్ని 45తో భాగిస్తే 37 పైచిలుకు వస్తుంది, అంటే దొరికే ఏ సరుకుతోనూ కలవని స్కేలు. మీటర్‌గేజ్‌ని భాగిస్తే 22.2, దాదాపు సరిగ్గా ఎల్‌జీబీ స్కేలే. కాబట్టి ఈ ఊళ్లో ఎవరైనా 45 మి.మీ. పట్టా పరిస్తే దాని మీద నడవాల్సింది వందేభారత్ కాదు, కాచిగూడ మీటర్‌గేజ్. నిజాం కాలంలో మన్మాడ్ నుంచి గోదావరి లోయ మీదుగా సికింద్రాబాద్ దాకా వేసిన మీటర్‌గేజ్ లైను 1901 నాటికి పూర్తయింది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. 1992లో మొదలైన ఏకగేజి కార్యక్రమం తర్వాత ఇక్కడి మీటర్‌గేజ్ పట్టాలన్నీ పోయాయి. వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు, వైడీఎం-4 డీజిలు, మీటర్‌గేజ్ నాటి అజంతా ఎక్స్‌ప్రెస్, ఇవన్నీ ఒక తరం జ్ఞాపకంలో ఉన్నాయి కానీ ఇక్కడి పట్టాల మీద లేవు. మోడల్ కట్టడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? ఇబ్బంది వంపుల దగ్గర వస్తుంది. మీటర్‌గేజ్‌లో అనుమతించే అతి గట్టి వంపు 16 డిగ్రీలది, అంటే సుమారు 109 మీటర్ల వ్యాసార్థం. మోడల్‌లో అది 4.8 మీటర్లు దాటుతుంది. పెట్టెలో అమ్మే వంపు పట్టా వ్యాసార్థం 60 సెంటీమీటర్లు. దాని మీద దాదాపు 88 సెంటీమీటర్ల ప్యాసింజరు పెట్టె తిరిగితే మూలలు ఎటో వేలాడతాయి. స్థలం తక్కువైతే పొట్టి గూడ్సు పెట్టెలతో సరిపెట్టుకోవడం, వంపుని గుట్ట వెనక దాచడం తప్ప దారి లేదు. గుట్టకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

గుట్ట విషయంలో నాచారం అదృష్టవంతురాలు. మౌలాలి గుట్ట ఇక్కణ్నుంచి కూతవేటు దూరం. హైదరాబాద్ నేలంతా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూగర్భ శాస్త్రజ్ఞులు రాయిని ఫొటో తీసేటప్పుడు పక్కన సుత్తో, నాణెమో పెడతారు, ఎందుకంటే అది లేకపోతే చూస్తున్నది గుప్పెడు రాయో గుట్టంత రాయో చెప్పలేం. పగులు ఏ కొలతలో చూసినా ఒక్కలాగే ఉంటుంది. అంటే ప్రకృతిలో స్కేలు అక్కర్లేని వస్తువుల్లో రాయి ఒకటి, అది ఇక్కడ ఊరికే దొరుకుతుంది. ప్లాస్టర్‌తో కొండలు పోసి రంగులు వేసే పద్ధతిని ఐరోపా పుస్తకాల్లోంచి తెచ్చుకోవడంలో అర్థం లేదు. ఆల్ప్స్ పర్వతాల పక్కన ఉండే చెక్క కుటీరం కిట్టు కొనుక్కొచ్చి ఉప్పల్‌లో పెట్టేవాళ్లకి ఇంతకన్నా ఏం చెప్పగలం! కాకపోతే కొత్తగా పగిలిన రాయి పదునుగా ఉంటుంది, మన గుట్టల మీద బండలు ఎండకూ వానకూ అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. కాబట్టి క్వారీ ముక్కలకన్నా పాత గోడలోంచి, చేను గట్టునుంచి ఏరిన రాళ్లు నయం. కంకర సంగతి వేరు. రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. దాకా ఉంటుంది, మన స్కేలులో అది 1 నుంచి 3 మి.మీ. క్రషర్ దగ్గర దొరికే రాతిపొడిని రెండు జల్లెళ్లు పడితే అచ్చంగా అదే వస్తుంది. చూడటానికి ఇంతకన్నా నిజమైన కంకర ఉండదు. కానీ బరువు పొడవుతో పాటు తగ్గదు, ఘనంగా తగ్గుతుంది. 50 మి.మీ. కంకర రాయి దాదాపు 170 గ్రాములు. దాని మోడల్ 15 మిల్లీగ్రాములు. జోరువానలో 4 మి.మీ. చినుకు బరువు 33 మిల్లీగ్రాములు. నిజం పట్టాల దగ్గర చినుకు కన్నా రాయి ఐదువేల రెట్లు బరువు, మోడల్ దగ్గర రాయి కన్నా చినుకే రెట్టింపు బరువు. ఆ చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది. అచ్చంగా తగ్గించిన కంకర మొదటి వానకే ఎగిరిపోవడంలో వింత లేదు. పట్టాల కింద కాంక్రీటు పట్టీ పోసి, పైపైన మాత్రం ఆ కంకరను పలచని సిమెంటు పాలతో పట్టించాలి. బరువు మోసేది కాంక్రీటు, కంకర పని చూపు వరకే. నా వాదనకు ఇదొక మినహాయింపు, ఒప్పుకోక తప్పదు.

నీటి దగ్గర మాత్రం మినహాయింపు ఉండదు. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద కాస్త ముందుకెళితే వచ్చే ఘట్‌కేసర్ ప్రాంతంలో 2020 అక్టోబరు 13న ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. 10 చదరపు మీటర్ల మోడల్ మీద అలాంటి వాన పడితే 3,000 లీటర్లు. ఆ నీళ్లు ఎటు పోవాలో ముందే అనుకోకపోతే ఎటు పోవాలో అవే నిర్ణయించుకుంటాయి. తోట రైళ్ల మీద వచ్చిన విదేశీ పుస్తకాలు చాలావాటిలో నీరంటే పంపు పెట్టి కిందికి దూకించే జలపాతమే. అందమైనదే, కానీ వాన వచ్చినప్పుడు ఆ జలపాతానికి ఏ పనీ లేదు. తెలంగాణకు ఇంతకన్నా మంచి నమూనా ఉంది: గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు చేరుతుంది, అది నిండితే ఇంకా కిందికి. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు ఉన్న ఈ వాలు కూడా ఒకప్పుడు మూసీ దాకా అలా సాగినదే. మోడల్‌లో మూడు చిన్న చెరువులు ఒకదాని కింద ఒకటి పెట్టి, కట్టలు సిమెంటుతో కట్టి పైన మట్టి పరిచి, ప్రతిదానికీ రాతి మత్తడి, తూము పెడితే దృశ్యమూ అదే, మురుగుకాలువా అదే. వానలో కొట్టుకొచ్చిన మట్టి మొదటి చెరువులోనే ఆగుతుంది, పట్టాలదాకా రాదు. అలుగు నీళ్లు పోయే చోట రైలు వంతెన కింద ఖానా ఎంత వెడల్పు ఉండాలన్నది ఇక సరదా ప్రశ్న కాదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజరు పడిపోయినప్పుడు వందకు పైగా ప్రాణాలు పోయాయి. పట్టాలకీ చెరువులకీ ఉన్న సంబంధం ఈ జిల్లాలకి అలా తెలిసింది. నిలవ నీరు దోమలకు నెలవు కాదా అని అడగవచ్చు. అవును, దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వారం పది రోజులు చాలు. అందుకే తూము. వారానికోసారి తూము ఎత్తి చెరువులు ఖాళీ చేస్తే దోమకు వ్యవధి దొరకదు, కింద తొట్టిలో చేరిన నీళ్లు మొక్కలకు పోస్తే వృథా కాదు. వేసవిలో చెరువు ఎండనివ్వండి. అడుగున నెర్రెలిచ్చిన ఒండ్రు, మధ్యలో మిగిలిన చిన్న మడుగు, ఏప్రిల్‌లో తెలంగాణ చెరువు ఉండేదే అలా. ఏడాది పొడుగునా నిండుగా ఉండే చెరువే అబద్ధం.

ఎండ నెమ్మదిగా పని చేసే శత్రువు. 20 మీటర్ల ఇత్తడి పట్టా శీతాకాలం తెల్లవారుజామున 12 డిగ్రీల దగ్గరా, మే మధ్యాహ్నం 60 డిగ్రీల దగ్గరా ఉంటుందనుకుంటే పొడవులో తేడా సుమారు 18 మి.మీ. ఉక్కు అయితే 11. అంటే మోడల్ పట్టా నిజం పట్టాకన్నా ఎక్కువగా సాగుతుంది, నిజం రైల్వే పడే జాగ్రత్త ఇక్కడ ఇంకా ఎక్కువ పడాలి. పాత మీటర్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య సందు వదిలి ఫిష్‌ప్లేట్లతో కలిపేవారు. ఆ సందు మీద చక్రం పడితే వచ్చే టకటక శబ్దమే మనం రైలు శబ్దం అనుకునేది. మోడల్‌లో కూడా సందు వదిలితే పట్టా వంకర పోదు, శబ్దమూ దానంతటదే వస్తుంది, రికార్డింగు చిప్పు కొనక్కర్లేదు. త్రీడీ ప్రింటింగులో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, నల్లరంగు పైకప్పు మీద మన మే ఎండలో ఆ వేడి మామూలే. ఏఎస్ఏ ప్లాస్టిక్ లేదా లోహం వాడటం మేలు. వెలుతురు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. నీడ లేకపోతే గోడల మీద చెక్కిన ఇటుకల గీతలు, కిటికీ లోతులు అంత స్పష్టంగా కనిపించవు. ఉత్తర దేశాల్లో ఏటవాలు ఎండకు కట్టిన సున్నితమైన పనితనం ఇక్కడ పగటిపూట చదునైపోతుంది. కాబట్టి మన దగ్గర చూరు ముందుకు రావాలి, వరండా లోతుగా ఉండాలి, స్తంభాలు లావుగా ఉండాలి. నిజం ఇళ్లకు ఎండ నేర్పిన పాఠమే ఇది, బొమ్మ ఇంటికీ అదే వర్తిస్తుంది.

మొక్కల గురించి ఔత్సాహికులు ఎక్కువగా వాదించుకునేది ఆకు కొలత మీద. వేపాకు రెబ్బ 5 సెంటీమీటర్లు. మన స్కేలులో అది మీటరు దాటిన ఆకు. చింతాకు రెబ్బ సెంటీమీటరు, ఒకటిన్నర; స్కేలులో జానెడు పైనే. ఏదీ సరిపోదు కనుక ప్లాస్టిక్ చెట్లే నయమని ఒక వర్గం. నేను ఒప్పుకోను. కన్ను ఆకును కొలవదు, మాను లావునీ, కొమ్మల విరుపునీ, గొడుగులా పరుచుకున్న తీరునీ చూసి ఇది చెట్టు అంటుంది. కుండీలో నాలుగేళ్లు పెంచి కత్తిరించిన చింత, మర్రి, నర్సరీల్లో జేడ్ పేరుతో అమ్మే చిన్నాకుల మొక్క, కడియం నుంచి లారీల్లో హైదరాబాదుకు వచ్చే వందల రకాల్లో ఏదైనా, ఆ షరతు తీరుస్తుంది. పైగా ఆ వేళ్లు గట్టు మట్టిని కరిచి పట్టుకుంటాయి, ప్లాస్టిక్ చెట్టు పట్టదు. వానాకాలంలో పిలవకుండా మొలిచే నేల ఉసిరిని పీకెయ్యకండి. అంగుళాల ఎత్తులో దానంత పొందికైన బుల్లి చెట్టు మరొకటి లేదు. గరిక మాత్రం ఒకసారి పట్టాల కిందికి పాకిందంటే వదలదు, దాన్ని కాంక్రీటు అంచుకు ఇవతలే ఆపాలి. పొలాలకు పాఠం మన ఇళ్లలోనే ఉంది. బొమ్మల కొలువులో పళ్లెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లి మొలకెత్తించి పార్కులు, పొలాలు చేసే ఆడవాళ్లు పని చేసే దృశ్యాన్ని తరాలుగా కడుతున్నారు, ఆ మాట ఎవరూ వాడకపోయినా. నారుమడి, నాటు, కోత, ఖాళీ మడి, ఇన్నీ రెండు వారాల్లో చూపించవచ్చు. ఒక్క తాటిచెట్టు దగ్గర ప్రకృతి సాయపడదు. తాటి, ఈత లేని తెలంగాణ దృశ్యం దృశ్యమే కాదు, అవేమో చిన్నగా ఎదగవు. వాటిని రాగి తీగతో, రాగి రేకుతో చెయ్యాల్సిందే. రాగి ఇనుములా తుప్పు పట్టదు, ఆరుబయట నల్లబడి ఇంకా నిజంగా కనిపిస్తుంది.

భవనాల గురించి క్లుప్తంగా. కొండపల్లి తెల్లపొణికి, ఏటికొప్పాక అంకుడు, రెండూ తేలికైన మెత్తని కర్రలు. ఇంట్లో ఎంత అందమో వానలో అంత త్వరగా పోతాయి. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ 1992 నుంచి ఏటా పెట్టే రైలు ప్రదర్శనలో భవనాలను బెరడు, పుల్లలు, గింజలు, కాయలతోనే కడతారు, అయితే అది అద్దాల ఇంట్లో జరుగుతుంది. ఆరుబయటకు సిమెంటు పోత, రాతి పలకలు, పౌడర్ కోటింగు చేసిన రేకు, ఇవే మిగులుతాయి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేత్ పని, రేకు పని చేసే చిన్న వర్క్‌షాపుల పక్కన ఉంటూ పెంకుటింటి కప్పుని విదేశం నుంచి తెప్పించుకోవడం విడ్డూరం. గోడ అడుగున నీరు పోయే కన్నం, కప్పు ఎత్తి లోపలి దీపం మార్చే వీలు, ఈ రెండూ ఉంటే మిగతాది నేర్పును బట్టి.

ఇక కదిలే వాటి సంగతి. మోడల్ రైలులో పని చేసేవి అంటే చాలామందికి గుర్తొచ్చేది తిరిగే గాలిమర, నూతిలోకి దిగే చేద, చెయ్యి ఊపే గార్డు. ఒకసారి చూస్తే ముచ్చటగా ఉంటాయి, పదోసారి ఎవరూ చూడరు. వాటి మీద పెట్టే మోటార్లలో సగం లెవెల్ క్రాసింగు మీద పెట్టవచ్చు. కానీ ఆ క్రాసింగుని ఎలా కడుతున్నారన్నది చూడాలి. మామూలుగా అయితే సెన్సర్ మీదికి రైలు రాగానే గేటు పడుతుంది, పోగానే లేస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే హాల్ సెన్సర్, చిన్న సర్వో మోటారు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంటే సాయంత్రానికి తయారు. అయితే మన ఇంటర్‌లాకింగ్ గేటు అలా పని చెయ్యదు, సరిగ్గా తలకిందులుగా చేస్తుంది. ముందు గేటు పడాలి, తాళం పడాలి. అప్పుడే సిగ్నలు లీవరు కదులుతుంది, అప్పుడే రైలు వస్తుంది. గేటు పడకపోతే రైలు ఆగుతుంది. మొదటి పద్ధతిలో గేటు రైలుకి నౌకరు, రెండో పద్ధతిలో రైలు గేటుకి లోబడి ఉంటుంది. అదే సర్వో, అదే సెన్సర్, కొన్ని వరసల ప్రోగ్రాం తేడా. కానీ రెండో దానిలో చూసేవాడికి ఉత్కంఠ ఉంది, నడిపేవాడికి బాధ్యత ఉంది. ఒంటిలైను మీద వాడిన నీల్స్ బాల్ టోకెన్ పరికరం ఇంకా మంచి ఉదాహరణ. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, ఒకదాంట్లోంచి ఉక్కు గోళీ తీయాలంటే అవతలి స్టేషను వాళ్లు ఒప్పుకోవాలి, ఒక గోళీ బయట ఉండగా రెండోది రాదు, గోళీ లేని డ్రైవరు బయల్దేరడు. ఈ పరికరాన్ని మోడల్‌కి చెయ్యడానికి రెండు చెక్కపెట్టెలు, రెండు స్విచ్చులు చాలు, కానీ ఆడటానికి ఇద్దరు మనుషులు కావాలి. రైలు ఆటను ఒంటరి కాలక్షేపం నుంచి బయటపడేసేది ఇలాంటి వివరమే. కొత్తకాలపు అభిరుచి ఉన్నవాళ్లకు, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ ఉంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపిన పరీక్షలో ఇంజను 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. మన స్కేలులో అది 17 మీటర్లు; అంత చోటు లేకపోతే ఒక మీటరు దూరంలో ఆపండి, పాఠం అదే. కరెంటు పట్టాలోంచి ఇవ్వాలా, ఇంజనులో బ్యాటరీ పెట్టాలా అన్న తగువుకి ఆరుబయట నా ఓటు బ్యాటరీకే. వాన తర్వాత పట్టాల మీద ఒండ్రు, ఎండిన ఆకురసం, చిలుము, ప్రతిరోజూ పట్టా తుడిచే ఓపిక ఎవరికుంటుంది? మే ఎండలో మాత్రం బ్యాటరీ ఉన్న ఇంజనుని బయట వదలకూడదు.

నిష్పత్తి పట్టింపు ఉన్నవాళ్లు ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వేస్తారు. కంకర సిమెంటుతో అతికించి, ఆకులు పెద్దవైనా ఫరవాలేదని, స్తంభాలు లావు చేసి, వంపులు దాచి, చివరికి ఇది దేని మోడల్ అంటారు. దానికి జవాబు ఇంగ్లండులో బీకన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఉంది. 1929లో తెరిచిన బెకన్‌స్కాట్ ప్రపంచంలోని అతి పాత నమూనా గ్రామం. ఇళ్లు 12కి ఒకటి స్కేలు, మధ్యలో తిరిగే రైలు 32కి ఒకటి స్కేలు. లెక్క ప్రకారం ఆ రైలు ఆ ఊళ్లోవాళ్ల తలకన్నా ఎత్తు ఉండదు. అయినా దాదాపు వందేళ్లుగా జనం చూస్తూనే ఉన్నారు, ఎందుకంటే అక్కడ చెట్లు నిజంగా పెరుగుతాయి, రైలు నిజంగా వేళకు వచ్చి పోతుంది. ద హేగ్‌లో 1952లో తెరిచిన మదురోడామ్ ఒకే స్కేలుకు కట్టుబడింది, అదీ బాగానే నడుస్తోంది. అంటే నిష్పత్తి కచ్చితంగా ఉంటే మంచిదే, లేకపోతే మునిగిపోయేదేమీ లేదు. పెట్టెల మీద రంగు, అక్షరాలు, చక్రాల కమ్మీలు, ఇంజను పొగగొట్టం, చేతికి అందేంత దగ్గరగా చూసే వీటిలో మాత్రం కచ్చితత్వం తగ్గించకూడదు. వాటిని ఆట అయ్యాక లోపల పెట్టేస్తాం కదా, వాటికి వాన భయం లేదు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అన్న ఆక్షేపణ తేలిగ్గా తీసెయ్యలేనిది. దిగుమతి ఇంజను ఒక్కటే పదుల వేల రూపాయలు, నాచారంలో పెరడు అన్నది ఇప్పుడు అంతకన్నా అరుదైన వస్తువు. మిగిలింది డాబా. డాబా మీద కట్టేవాళ్లు డబ్బు లెక్కకన్నా ముందు బరువు లెక్క వేయాలి. మనుషులు తిరిగే పైకప్పుకు భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. తడిసిన మట్టి 10 సెంటీమీటర్ల మందం పోస్తే అదొక్కటే చదరపు మీటరుకు 180 నుంచి 200 కిలోలు. రాళ్లు, చెరువు నీళ్లు, చూడటానికి వచ్చిన పదిమంది ఇంకా లెక్కలోకి రాలేదు. కాబట్టి డాబా మీద గ్రానైటు గుట్ట కూడదు, కొబ్బరి పొట్టు కలిపిన తేలిక మట్టి, బోలుగా పోసిన సిమెంటు బండలు, దూలాల మీదుగా మాత్రమే బరువు, అదీ ఇంజినీరు చూశాకే. నా అభిప్రాయంలో నాచారం లాంటి చోట ఈ రైలుకి సరైన ఇల్లు సొంత డాబా కాదు, బడి ఆవరణ. పట్టా ఖర్చు పంచుకుంటారు, ఇంజను చాసిస్ పారిశ్రామికవాడలో చేయించవచ్చు, పనిచేసే ప్రతి వివరం ఒక పాఠం: మత్తడిలో నీటిపారుదల, పట్టా సందులో వ్యాకోచం, గేటులో తర్కశాస్త్రం. తార్నాక, హబ్సిగూడ చుట్టూ ఇరిసెట్, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి శిక్షణ, పరిశోధన సంస్థలు ఉన్న ప్రాంతంలో పిల్లలకు చెప్పగలవాళ్లు దొరకరా? బడికి ఇలాంటిది ఆటవిడుపు తప్ప చదువు కాదనే తల్లిదండ్రులు ఉంటారు, వాళ్లకి జవాబు పైన చెప్పిన లెక్కలే. వాటిలో ఏదీ పదో తరగతి దాటలేదు.

చివరి ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది: ఇంత కట్టాక చూసుకునేది ఎవరు? నిజం రైల్వేలో కీమన్ రోజూ పట్టా వెంట నడుస్తూ వదులైన బిగింపులు చూస్తాడు, వానాకాలంలో రాత్రిపూట గస్తీ ఉంటుంది, వేసవిలో వేడికి పట్టా వంకరపోతుందేమోనని మరో గస్తీ. ఆరుబయట మోడల్‌కి కూడా ఈ మూడూ కావాలి, గంటల బదులు నిమిషాల్లో. మొదటి వానకు ముందు తూములు, ఖానాలు శుభ్రం చెయ్యాలి, చెరువు ఒండ్రు తియ్యాలి. వాన ఆగాక కంకర ఊడిన చోట మళ్లీ పట్టించాలి, చీమల పుట్టలు చూడాలి. దసరా తర్వాత చెట్లు కత్తిరించాలి, మార్చిలో పట్టా సందులు సరిచూడాలి. ఇది భారమనుకునేవాళ్లకి పుణె పద్ధతే సరైనది, కప్పు కింద హాయిగా కట్టుకోవచ్చు, అందులో తక్కువేమీ లేదు. ఆరుబయటే కావాలనుకునేవాళ్లు ఈ పనుల పట్టికను ముందు రాసుకుని, ఏడాదిలో ఏ నెల ఏ పని ఎవరు చేస్తారో పేర్లు పెట్టుకున్నాక పట్టాలు కొనడం మంచిది. బడిలో అయితే ఆ పేర్లకి కొదవ ఉండదు. కీమన్ ఉద్యోగానికి ఎనిమిదో తరగతి వాళ్లు పోటీ పడతారు.